స్క్రిప్ట్ చేతిలో పట్టుకుని ఆడే నాటకం: యూదు థియేటర్లలో కొత్త నాటకాల రీడింగులు

అమెరికాలో ఏదైనా యూదు కమ్యూనిటీ సెంటర్‌కి ఆదివారం మధ్యాహ్నమో సోమవారం సాయంత్రమో వెళ్తే ఇలాంటిది చూడొచ్చు. వేదిక మీద సెట్ ఉండదు. సంగీతం వాయించేవాళ్లు కాగితాలు పెట్టుకునే నల్ల స్టాండ్లు ఐదో ఆరో వరసగా ఉంటాయి, వాటి వెనక కుర్చీలు. నటులు మామూలు బట్టల్లోనే చేతిలో ఫైలుతో వచ్చి కూర్చుంటారు. తమ పాత్ర సీన్‌లోకి రాగానే లేచి స్టాండ్ దగ్గరికి వస్తారు, పాత్ర వెళ్లిపోగానే మళ్లీ కూర్చుంటారు. ఒక పక్కన ఇంకొకరు కూర్చుని "తలుపు తెరుచుకుంది, ఆమె చేతిలో గిన్నెతో లోపలికి వచ్చింది" అంటూ రంగస్థల సూచనలు చదువుతుంటారు. గంటన్నరో రెండు గంటలో గడిచాక చప్పట్లు. అప్పుడు రచయిత వచ్చి నటుల పక్కన కూర్చుంటారు. హాల్లోంచి చేతులు లేస్తాయి.

దీన్నే స్టేజ్డ్ రీడింగ్ అంటారు. బయటినుంచి చూసేవాళ్లకి ఇది డబ్బు చాలక మధ్యలో ఆపేసిన ప్రదర్శనలా కనిపిస్తుంది. నిజానికి ఇది దానంతట అదే ఒక దశ, దీని పని వేరు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు పడకముందు గోడ జరపొచ్చు, పడ్డాక జరపడం అయ్యే పని కాదు. నాటకానికీ అంతే. సెట్ కట్టి, డైలాగులు కంఠస్థం చేసి, లైటింగ్ ఖాయం చేశాక రెండో అంకం సాగదీసినట్టుందని తెలిసినా ఎవరూ ఏమీ చేయలేరు. రీడింగ్ రాత్రి అయితే రచయిత ఇంటికెళ్లి పన్నెండు పేజీలు కొట్టేసి పొద్దున్నే కొత్త సీన్ పంపొచ్చు.

అమెరికన్ నాటకరంగంలో ఈ పద్ధతి స్థిరపడటానికి ముఖ్య కారణాల్లో ఒకటి యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్. 1964లో కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌ఫోర్డ్‌లో మొదలైన ఆ సంస్థ, కొత్త నాటకాన్ని స్క్రిప్ట్ చేతిలో ఉంచుకునే ప్రేక్షకుల ముందుకు తీసుకురావడం తప్పేమీ కాదని ఒక తరం రచయితలకు అలవాటు చేసింది. ఇప్పుడు వృత్తి నటుల సంఘమైన యాక్టర్స్ ఈక్విటీ దీనికి లెక్క కూడా కట్టి పెట్టింది. రెండు వారాల వ్యవధిలో రిహార్సల్, ప్రదర్శన అన్నీ కలిపి 29 గంటలు దాటకూడదు. అందుకే ఆ రంగంలో వాళ్లు "ట్వెంటీ నైన్ అవర్ రీడింగ్" అంటుంటారు. స్వచ్ఛందంగా నటించేవాళ్లతో నడిచే చిన్న థియేటర్లకు ఈ నిబంధన వర్తించదు కానీ, అక్కడ కూడా రిహార్సల్ మూడు నాలుగు సాయంత్రాలకు మించదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. కమ్యూనిటీ థియేటర్ అనే మాటకి అమెరికాలో మామూలు అర్థం ఔత్సాహికుల నాటక సమాజం. పగలంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేవాళ్లది. యూదుల విషయంలో దానితో పాటు ఇంకోటి కూడా ఉంది. ఈత కొలను, పిల్లల బడి, వృద్ధుల క్లబ్బు ఉన్న కమ్యూనిటీ సెంటర్ భవనంలోనే పూర్తిస్థాయి వృత్తి థియేటర్ నడుస్తుంటుంది. వాషింగ్టన్‌లో 1990లో మొదలైన థియేటర్ జె అలాంటిదే. నటులు వృత్తి నటులే, జీతాలు వృత్తి జీతాలే. కానీ ఇల్లు సమాజానిది, దాతలు సమాజంలోవాళ్లు, బోర్డు కూడా ఆ సెంటర్‌దే. ముందు చెప్పబోయే గొడవల్లో కొన్నిటికి మూలం ఈ ఏర్పాటులోనే ఉంది.

రీడింగులు ఆదివారం, సోమవారం ఎందుకు పెడతారంటే, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే వరకు సబ్బాతు, అంటే పనులు మానుకునే విశ్రాంతి దినం. యూదు కమ్యూనిటీ సెంటర్లలో చాలా వాటిలో ఆ సమయంలో రిహార్సల్ కూడా ఉండదు. సోమవారం సాధారణంగా థియేటర్లకు సెలవు కాబట్టి, వేరే నాటకం ఆడుతున్న వేదికా ఖాళీగా దొరుకుతుంది, వేరే చోట పనిచేసే మంచి నటులూ దొరుకుతారు.

ఇదంతా ఏర్పాట్ల సంగతి. అసలు ప్రశ్న, ఈ రూపం యూదు ప్రేక్షకుల దగ్గర ఎందుకు ఇంత బాగా పనిచేస్తుందన్నది. ఎవరైనా ఒకరు పుస్తకం పట్టుకుని గట్టిగా చదువుతుంటే నలుగురు కూర్చుని వినడం, మధ్యలో ప్రశ్నించడం, వాదించడం వాళ్ల పండుగల్లోనూ చదువులోనూ ఎప్పటినుంచో ఉంది. పూరీము పండుగ రోజు సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఎస్తేరు గ్రంథం మొత్తం చదువుతారు. ఆ కథలో దుష్టుడైన హామాను పేరు వచ్చిన ప్రతిసారీ పిల్లలూ పెద్దలూ కాళ్లతో నేల తంతారు, గిలకలు తిప్పుతారు. కానీ ప్రతి మాటా చెవిన పడాలన్నది నియమం. కాబట్టి చదివేవాడు గోల తగ్గేదాకా ఆగి, మళ్లీ అందుకుంటాడు. ప్రేక్షకుల స్పందనకి చోటిస్తూ పాఠాన్ని చెడకుండా నడపడం అంటే అదే. ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డ కథ చెప్పుకునే పస్కా రాత్రి భోజనం కూడా ఒక పుస్తకాన్ని వంతులవారీగా చదవడమే. ఇంట్లో చిన్నవాళ్లు నాలుగు ప్రశ్నలు అడిగితే గానీ కథ మొదలవదు. యూదు ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తల్మూద్ చదువుకునేవాళ్లు ఇద్దరిద్దరుగా కూర్చుని గట్టిగా చదువుతూ పోట్లాడుకుంటారు, గురువు చెప్పింది విని ఊరుకోవడం అక్కడ చదువు కిందికి రాదు. ఇలాంటి అలవాటున్న వాళ్లకి స్టాండ్ వెనక నిలబడి చదివే నటుడు అసంపూర్ణంగా అనిపించడు. చదువు అయ్యాక ప్రశ్నలు అడగడానికి ఎవరూ మొహమాటపడరు.

దీనివల్ల రీడింగులో ఒక విచిత్రమైన పరిస్థితి ఎదురవుతుంది. దాన్ని కాస్త దగ్గరినుంచి చూడాలి. నాటకంలో ఒక కొడుకు తండ్రి కోసం కద్దిష్ చదివే సీన్ ఉందనుకుందాం. కద్దిష్ అంటే చనిపోయినవారి కోసం చదివే ప్రార్థన. అందులో చావు ప్రస్తావనే ఉండదు, అంతా దేవుడి స్తుతే. దాన్ని ఒంటరిగా చదవకూడదు, కనీసం పదిమంది ఉండాలి, వాళ్లు మధ్యమధ్యలో "ఆమెన్" అనాలి. పూర్తి ప్రదర్శనలో అయితే హాలు చీకటి, నటుడి మీద వెలుగు, అతని ఒంటి మీద పాత్ర దుస్తులు. ఇది నాటకమని ప్రేక్షకుడి శరీరానికి తెలుసు. రీడింగులో హాల్లో లైట్లు సగం వెలుగుతూనే ఉంటాయి. నటుడు మామూలు చొక్కాలో ఉన్నాడు. వింటున్నవాళ్లలో ఈ ఏడాదే తండ్రినో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. అలాంటి చోట ప్రార్థన మొదలవగానే ఎవరో ఒకరి నోట ఆమెన్ అప్రయత్నంగా వచ్చేస్తుంది. అక్కడ నాటకం ప్రార్థన అయిపోయిందా, ప్రార్థన నాటకంలో ఇరుక్కుందా? దేవుడి పేరు వచ్చే వేరే ప్రార్థనలైతే, ఆచారం గట్టిగా పాటించే నటులు రిహార్సల్లో ఆ పేరు ఉన్నది ఉన్నట్టు ఉచ్చరించరు, "హషెమ్" (ఆ పేరు) అంటారు. ప్రేక్షకుల ముందు ఏమనాలన్నది దర్శకుడు ముందే తేల్చుకోవాలి. సీన్‌ని మొత్తం చదివించాలా, రెండు వాక్యాలు చదివించి ఆపి రంగస్థల సూచనలోకి మార్చాలా అన్నది కూడా. రచయితకి ఇది బంగారం లాంటి సమాచారం. ఆ సీన్ బలం తన రాతలో ఉందో, ప్రేక్షకులు ఇంటి నుంచి తెచ్చుకున్న దుఃఖంలో ఉందో అతనికి తెలియాలి.

ఇంతకీ యూదు నాటకం అంటే ఏది? రాసినవాళ్లు యూదులైతే చాలా? పాత్రలు యూదులై ఉండాలా? సమస్య యూదులదై ఉండాలా? యూదు కుటుంబంలో పుట్టిన అమెరికన్ రచయిత ఆర్థర్ మిల్లర్ "డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్"లో ఆ కుటుంబం ఏ మతమో ఎక్కడా చెప్పడు. 1951లో నటుడు జోసెఫ్ బులోఫ్ దాన్ని తూర్పు యూరప్ యూదుల భాషైన యిడ్డిష్‌లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఆడినప్పుడు, ఇదే మూలం, న్యూయార్క్ పెద్ద థియేటర్ల ప్రాంతమైన బ్రాడ్‌వేలో ఇంగ్లిష్‌లో ఆడింది అనువాదమేమో అన్నట్టుగా ఒక సమీక్షకుడు రాశాడు. ఆ చర్చ ఇంకా తేలలేదు, తేలాల్సిన అవసరమూ నాకు కనిపించదు. కానీ కొత్త నాటకాలను ఎంపిక చేసే కమిటీలకి ఇది రోజువారీ తలనొప్పి. అమెరికన్ యూదు సమాజంలో తూర్పు యూరప్ నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ కాబట్టి, యూదు కథ అనగానే యిడ్డిష్ మాట్లాడే బామ్మ, హోలోకాస్ట్ జ్ఞాపకం, న్యూయార్క్ భోజనాల బల్ల గుర్తొస్తాయి. ఇరాక్, యెమెన్, ఇథియోపియా, ఇరాన్, కొచ్చి యూదుల కథలకి ఆ బల్ల దగ్గర కుర్చీ ఆలస్యంగా పడుతోంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ సబ్బాతు పాటించే బెనె ఎఫ్రయిం సమాజం ఉంది. వాళ్ల గురించి చదివినవాళ్లకి, యూదుడెవరో తేల్చడం ఎంత చిక్కో వేరే చెప్పక్కర్లేదు. కొత్త నాటకాల రీడింగులు ఈ కథలకి ఎక్కువ చోటు ఇవ్వగలవు. పూర్తి ప్రదర్శన మీద డబ్బు పెట్టడానికి భయపడే బోర్డు కూడా ఒక సాయంత్రం రీడింగుకి సాధారణంగా ఒప్పుకుంటుంది.

ఇక సమాజం వినడం అంటే ఏమిటి, దాని మాటకి ఎంత విలువ ఇవ్వాలి అన్నది అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. దీనికి రెండు పాత ఉదాహరణలు ఉన్నాయి.

1906లో షోలెం ఆష్ అనే యువ రచయిత "గాడ్ ఆఫ్ వెంజెన్స్" అనే యిడ్డిష్ నాటకం రాశాడు. కింది అంతస్తులో వేశ్యాగృహం నడిపే యూదుడు, పై అంతస్తులో కూతుర్ని పవిత్రంగా పెంచుతూ, ఆమె పెళ్లి కోసం తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టని రాయించి ఇంట్లో పెడతాడు. ఆ కూతురు కింది ఇంటి అమ్మాయితోనే ప్రేమలో పడుతుంది. వార్సాలో యిడ్డిష్ సాహిత్యానికి పెద్దదిక్కైన ఐ.ఎల్. పెరెత్స్ ఇంట్లో, రచయితల మధ్య ఆష్ ఈ నాటకం చదివి వినిపించాడు. తగలబెట్టెయ్ అని పెరెత్స్ సలహా ఇచ్చాడని ప్రతీతి. నలుగురూ ఏమనుకుంటారు, మన పరువేం కాను అన్నదే ఆ సలహా వెనకున్న భయం. ఆష్ తగలబెట్టలేదు. 1907లో ప్రసిద్ధ దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ దాన్ని బెర్లిన్‌లో జర్మన్‌లో ఆడించాడు. యూరప్ అంతా తిరిగింది. 1923లో ఇంగ్లిష్‌లో బ్రాడ్‌వేకి చేరినప్పుడు నిర్మాతనీ నటులనీ అశ్లీలత నేరం కింద అరెస్టు చేశారు. ఫిర్యాదు చేసింది న్యూయార్క్‌లోని ఓ పెద్ద సినగాగ్ రబ్బీ, అంటే యూదు మతగురువే. శిక్ష తర్వాత అప్పీలులో రద్దయింది. ఈ చరిత్రనే పౌలా వోగెల్ "ఇండీసెంట్" అనే నాటకంగా రాసింది. 2017లో బ్రాడ్‌వేలో ఆడిన ఆ నాటకంలో పెరెత్స్ ఇంటి రీడింగ్ కూడా ఒక సీన్. ఇద్దరు అమ్మాయిల ప్రేమ సన్నివేశాన్ని గదిలో ఉన్న మగవాళ్లే పంచుకుని, ఇబ్బందిపడుతూ చదువుతారు. నాటక పఠనం గురించి ఇంతకన్నా సూటిగా చూపించిన సీన్ నాకు తెలియదు. చదువుతున్నవాళ్ల ఇబ్బంది కూడా నాటకం గురించి ఏదో చెబుతుంది.

రెండోది ఆన్‌స్కీ "ది డిబ్బుక్", చనిపోయిన ప్రియుడి ఆత్మ ఒక అమ్మాయిని ఆవహించే కథ. పల్లెపల్లె తిరిగి యూదు జానపద సంపద సేకరించిన ఆన్‌స్కీ, ఈ నాటకాన్ని ఏళ్ల తరబడి ఇంటింటా చదివి వినిపించాడు. మాస్కోలో ప్రఖ్యాత రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీకి కూడా వినిపించాడు. నాటకంలో దారి పొడవునా కనిపించే దూత పాత్ర ఆయన సూచన వల్లే వచ్చిందంటారు. విన్న మిత్రుల్లో చాలామందికి నచ్చలేదు. ఆన్‌స్కీ 1920 నవంబర్‌లో పోయాడు. ముప్పయ్యో రోజుకి విల్నా బృందం అనే యిడ్డిష్ నాటక సమాజం వార్సాలో దాన్ని ప్రదర్శించింది, యూదు నాటకరంగంలో అంతకన్నా పేరున్న నాటకం లేదనేంతగా నిలిచింది.

రెండు చోట్లా గదిలో కూర్చున్నది తెలివైనవాళ్లే, సమాజం మీద ప్రేమ ఉన్నవాళ్లే. ఒక చోట వాళ్ల సలహా పూర్తిగా తప్పు. ఇంకోచోట ఒక సూచన నాటకానికి వెన్నెముక అయింది. తేడా ఎక్కడుంది? నాకు కనిపించేది ఇది. స్తానిస్లావ్‌స్కీ సూచన నాటకం ఏం కావాలనుకుంటోందో దానికి సాయం చేసింది. పెరెత్స్ అభ్యంతరం నాటకం గురించి కాదు, దాన్ని చూసే బయటివాళ్ల గురించి. రీడింగ్ తర్వాత వచ్చే ప్రతి అభిప్రాయాన్నీ రచయిత ఈ రెండు గంపల్లో ఏదో ఒకదాంట్లో వేసుకోగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

పరువు భయం ఆనాటితో పోలేదు. థియేటర్ జె కథ చూడండి. గాజా యుద్ధం మీద 2009 మొదట్లో బ్రిటిష్ రచయిత్రి కారిల్ చర్చిల్ "సెవెన్ జ్యూయిష్ చిల్డ్రన్" అనే పది నిమిషాల నాటిక రాసింది. అది యూదు వ్యతిరేకమని కొందరు, అవసరమైన ప్రశ్న అని కొందరు గొడవపడుతుండగానే, థియేటర్ జె దర్శకుడు ఆరి రాత్ దాన్ని రీడింగుగా పెట్టి, జవాబుగా పుట్టిన నాటికల్ని కూడా పక్కనే చదివించి, చర్చ నడిపాడు. పూర్తి ప్రదర్శన వేసుంటే ఆ నాటిక పక్షాన థియేటర్ నిలబడినట్టయ్యేది. రీడింగ్ కాబట్టి, ముందు విందాం, తర్వాత మాట్లాడుకుందాం అనే అవకాశం మిగిలింది. ఈ రూపానికున్న గొప్ప బలం అది.

అదే బలం ఐదేళ్లకి వేరే రకంగా వాడుకలోకి వచ్చింది. ఇజ్రాయెలీ రచయిత మొట్టి లెర్నర్ "ది అడ్మిషన్", 1948 యుద్ధంలో ఒక పాలస్తీనా గ్రామంలో జరిగిందని చెప్పే హత్యాకాండ చుట్టూ తిరిగే నాటకం. 2014లో థియేటర్ జె దాన్ని పూర్తి ప్రదర్శనగా వేయబోతుంటే, కొందరు యూదు సమాజ సభ్యులు దాతల మీద ఒత్తిడి తెచ్చారు. చివరికి దాన్ని వర్క్‌షాప్ ప్రదర్శనగా, అంటే హంగులు తగ్గించిన ప్రయోగ ప్రదర్శనగా కుదించారు. నాటకానికి సాయపడటానికి పుట్టిన దశ ఇక్కడ దాన్ని చిన్నది చేయడానికి ఉపయోగపడింది. ఆ డిసెంబర్‌లో కమ్యూనిటీ సెంటర్ ఆరి రాత్‌ని ఉద్యోగం నుంచి తీసేసింది. ఆయన అదే నగరంలో మొజాయిక్ థియేటర్ కంపెనీ పెట్టుకున్నాడు. ఒత్తిడి లోపలినుంచే వస్తుందనీ కాదు. 2024 జనవరిలో కెనడాలోని బెల్‌ఫ్రీ థియేటర్, ఒక ఇజ్రాయెలీ సహాయక కార్యకర్త కథ చెప్పే "ది రన్నర్" నాటకాన్ని బయటి నిరసనల మధ్య రద్దు చేసింది. యూదు పాత్రలున్న కొత్త నాటకం ఇప్పుడు రెండు వైపుల నుంచీ పరీక్ష ఎదుర్కొంటోంది. 2018 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపాక, ఇలాంటి సాయంత్రాల్లో తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డు ఉండటం మామూలైపోయింది. బ్యాగు చెక్ చేయించుకుని లోపలికొచ్చిన ప్రేక్షకుడు సెటైర్‌ని వినే తీరు వేరుగా ఉంటుంది. రచయితలు దీన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ప్రేక్షకుల మాటకి నేరుగా ఓటు హక్కు ఇచ్చిన ప్రయోగం కూడా ఉంది. డేవిడ్ వినిట్స్‌కీ 2011లో న్యూయార్క్‌లో ప్రారంభించిన జ్యూయిష్ ప్లేస్ ప్రాజెక్ట్, ఇంతవరకు ఆడని నాటకాలకి పోటీ పెడుతుంది. వేర్వేరు నగరాల్లో ఫైనల్‌కి వచ్చిన నాటకాల భాగాల్ని నటులు చదువుతారు, వచ్చినవాళ్లు ఓటేస్తారు. పేరు లేని రచయితకి ఒక్కసారిగా అన్ని ఊళ్ల శ్రోతలు దొరకడం చిన్న విషయం కాదు. అయితే కొంత భాగం విని ఓటేయమంటే, మొదటి పేజీలోనే నవ్వించే నాటకానికి లాభం, నెమ్మదిగా పేరుకుంటూ చివర్లో బద్దలయ్యే నాటకానికి నష్టం. డిబ్బుక్ లాంటి నాటకం అలాంటి ఓటింగులో గెలుస్తుందని నేను అనుకోను.

ఓటుకన్నా మంచి దారి ప్రశ్న. వాషింగ్టన్ ప్రాంతంలో డాన్స్ బృందం నడిపిన లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతి ఒకటి చాలా థియేటర్లు వాడతాయి. ముందు ప్రేక్షకులు తమని ఏది పట్టుకుందో చెప్పాలి. తర్వాత రచయిత తనకి కావాల్సిన ప్రశ్నలు అడగాలి. ఆ తర్వాతే ప్రేక్షకులు అడగొచ్చు, అదీ ప్రశ్నలోనే అభిప్రాయం దూర్చకుండా. చివరగా, "ఫలానా విషయం మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అనుమతి తీసుకుని చెప్పాలి. రచయిత వద్దనొచ్చు. వినడానికి ఇది బిగపట్టినట్టు ఉంటుంది కానీ, "మా అమ్మమ్మ ఇలా మాట్లాడేది కాదు" అంటూ పది నిమిషాలు సొంత కథ చెప్పే పెద్దాయన నుంచి నాటకాన్ని కాపాడేది ఇదే. ఆ పెద్దాయన కథా పనికొచ్చేదే, రచయిత తర్వాత కాఫీ దగ్గర విడిగా వినాలి. అమెరికాలో నాటక రచయిత అనుమతి లేకుండా ఒక్క మాట మార్చడానికి వీల్లేదు. చేతిలో ఆ హక్కు ఉన్నవాడు వినడానికి భయపడక్కర్లేదు.

ఈ ఏర్పాటులో నిజంగా బాధపెట్టేది ఒకటుంది. చాలా నాటకాలు రీడింగులోనే ఆగిపోతాయి. ఒక ఊళ్లో చదువుతారు, మెచ్చుకుంటారు, ఇంకో ఊళ్లో చదువుతారు, సూచనలిస్తారు. ఐదేళ్లు గడుస్తాయి, సెట్ పడదు. థియేటర్‌కి కొత్త రచయితని ప్రోత్సహించామన్న పేరు చవకగా వస్తుంది. రచయితకి మిగిలేది ఐదు ఊళ్లవాళ్ల మాటలు కుట్టిన బొంత లాంటి తొమ్మిదో ప్రతి. మాటల బలంతో నడిచే నాటకాలు స్టాండ్ వెనక బాగా వినిపిస్తాయి కాబట్టి రచయితలు తెలియకుండానే అలాంటివే రాయడం మొదలుపెడతారు. మౌనం మీద, కదలిక మీద, ఒక వస్తువు చేతులు మారడం మీద ఆధారపడ్డ నాటకాలు వెనకబడతాయి. పస్కా భోజనాల బల్ల చుట్టూ జరిగే కుటుంబ తగాదా నాటకాలు ఇన్ని రావడానికి ఇదీ ఒక కారణమని నా గట్టి అనుమానం. కూర్చుని మాట్లాడుకునేవాళ్ల కథ, కూర్చుని చదవడానికి సులువు.

కాబట్టి ఇలాంటి రీడింగులు పెట్టే చిన్న థియేటర్లను నేను రెండే కోరతాను. ఈ నాటకాన్ని ప్రదర్శించే ఉద్దేశం తమకి ఉందో లేదో రచయితకి మొదటిరోజే చెప్పాలి. లేకపోయినా తప్పులేదు, చెప్పకపోవడమే తప్పు. రెండోది, అదే రచయితని మార్చిన ప్రతితో ఆర్నెల్ల తర్వాత అదే ప్రేక్షకుల ముందుకు పిలవాలి. మొదటిసారి కద్దిష్ సీన్‌లో ఆమెన్ అన్నావిడ, ఈసారి ఆ సీన్ ఎందుకు కుదించారో అడగాలి, రచయిత జవాబు చెప్పాలి.